షిఫ్టు డ్యూటీల ఇంట్లో ఎనిమిది నెలల పాప: ఏ గంట ఎవరి ఒడిలో?

పాపకు ఎనిమిది నెలలు. తల్లి తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు, తండ్రి శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో లైన్ సూపర్‌వైజర్. కొర్లగుంట వైపు మొదటి అంతస్తులో అద్దె ఇల్లు. పాపను చూసే పిల్లల డాక్టరు వాళ్లను నా దగ్గరికి పంపారు. చీటీలో రాసింది ఒకటే ముక్క: ‘బిడ్డ బాగుంది, కౌన్సెలింగ్ పెద్దవాళ్లకు కావాలి.’

పిల్లల ఎదుగుదల గురించి కుటుంబాలకు సలహా చెప్పడం నా పని. ఈ కేసు గురించి రాయడానికి తల్లిదండ్రులు ఒప్పుకున్నారు. సుజాత, హరి వాళ్ల అసలు పేర్లు కావు. గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను.

ఇంటి పరిస్థితి

సుజాతకు 26 వారాల ప్రసూతి సెలవు పూర్తిగానే ఇచ్చారు. కాన్పుకు నెల ముందే సెలవు పెట్టింది కాబట్టి అది అయిపోయేసరికి పాపకు ఐదు నెలలు నిండాయి. తర్వాత జీతం లేని సెలవు మీద మరో రెండున్నర నెలలు లాక్కొచ్చింది. ఇక కుదరదు, ఒకటో తారీఖు నుంచి వస్తావో మానేస్తావో తేల్చుకో అన్నారు ఆసుపత్రి వాళ్లు. 50 మంది, అంతకు మించి పనిచేసే సంస్థల్లో పిల్లల కోసం క్రెష్ ఉండాలనీ, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చనీ 2017లో చట్టాన్ని సవరించారు. సుజాత ఆ సంగతి అడిగితే ‘చూద్దాం’ అన్నారట. ఈ ‘చూద్దాం’ నేను చాలామంది తల్లుల దగ్గర విన్నదే. చట్టం ఎంత మనవైపు ఉన్నా, చంకలో బిడ్డతో దాని వెంట తిరిగే ఓపిక ఎవరికుంటుంది? సోమవారం పొద్దున బిడ్డను ఎక్కడ వదలాలన్నది ముందు తేలాలి కదా.

ఆమె డ్యూటీలు మూడు రకాలు. పొద్దున 8 నుంచి 2, మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 8, నైట్ అయితే రాత్రి 8 నుంచి మర్నాడు పొద్దున 8. వారానికొకటి మారుతుంది. హరిది జనరల్ షిఫ్టే కానీ కంపెనీ బస్సు 6.15కే ఎక్కాలి, ఇల్లు చేరేసరికి రాత్రి ఏడు. ఓవర్‌టైం ఉన్న రోజు ఇంకా ఆలస్యం.

హరి మొదటి రోజే తన మాట చెప్పేశాడు. “మా అమ్మ పాకాల దగ్గర పల్లెలో ఉంది మేడమ్. బిడ్డను ఆడ వదిలితే ఏ టెన్షనూ ఉండదు. ఆదివారం ఆదివారం పోయి చూసుకుంటాం. నేనూ అట్ల పెరిగినోణ్నే.” సుజాత అతని వైపు చూడకుండా, “అట్లయితే నేను ఉద్యోగం మానేస్తా” అంది. మానేస్తే ఇల్లు గడవదని ఇద్దరికీ తెలుసు. స్థలం కొన్న లోను ఉంది, అద్దె ఉంది. బిడ్డను పల్లెకు పంపను అనే మాటను ఆమె అలా చెప్పిందని నాకు అర్థమైంది. ఇలాంటి ఇళ్లలో ‘మానేస్తా’ అన్న మాటను ఎవరూ వెంటనే నిజమని పట్టుకోకూడదు, అలాగని కొట్టిపారేయనూ కూడదు.

అప్పటికే వాళ్లు ఆలోచించి పక్కన పెట్టినవి కొన్ని ఉన్నాయి. మదనపల్లెలోని అమ్మమ్మ తన కొడుకు పిల్లలిద్దరినీ చూసుకుంటోంది, ఆమె కదలలేదు. ఇంట్లోనే ఉండే కేర్‌టేకర్ కోసం ఏజెన్సీని అడిగితే నెలకు ఇరవై వేలు, పైన కమిషన్ అన్నారు. ఒక్క పడకగది ఉన్న ఇంట్లో ఆమె ఎక్కడ పడుకుంటుందనేది ఇంకో సమస్య. అంగన్‌వాడీ పక్క వీధిలోనే ఉంది. కానీ అక్కడ ఆటపాటలతో కూర్చోబెట్టేది మూడేళ్లు నిండిన పిల్లల్ని. ఎనిమిది నెలల పాపకు అక్కడ దొరికేది ఇంటికి తెచ్చుకునే బాలామృతం, గుడ్లు, పాలు, నెలనెలా బరువు చూడడం. పనికొచ్చేవే, పేరు రాయించమన్నాను. బిడ్డను రోజంతా చూసుకునే చోటు మాత్రం కాదది.

హరి పెద్దమ్మ ఇంకో దారి చెప్పింది. దూరపు చుట్టాల్లో ఒక పిల్ల ఉందట, పదమూడేళ్లు, బడి మానేసింది, తెచ్చి పెట్టుకోండి, మనింటి పిల్లలాగే ఉంటుంది అని. దీని మీద చర్చే పెట్టలేదు నేను. 14 ఏళ్ల లోపు పిల్లల్ని ఇంటి పనికైనా సరే పెట్టుకోవడం నేరమని 2016 సవరణ తర్వాత చట్టం సూటిగా చెబుతోంది. చట్టం సంగతి అలా ఉంచినా, పదమూడేళ్ల పిల్ల చేతిలో చంటిబిడ్డను పెట్టి తల్లిదండ్రులు డ్యూటీకి వెళ్లారంటే ఆ ఇంట్లో పెద్ద దిక్కు లేకుండా ఇద్దరు పిల్లలు మిగిలారని అర్థం.

చివరికి మిగిలినవి మూడు: పల్లెలో అవ్వ, ఇంటికి వచ్చే ఆయమ్మ, ఊళ్లో డేకేర్.

అవ్వ మాట

రెండోసారి వచ్చేటప్పుడు హరి వాళ్లమ్మను కూడా తీసుకురమ్మన్నాను. పాకాల నుంచి బస్సులో వచ్చింది. నా గదికి పది మెట్లెక్కాలి. మధ్యలో రెండుసార్లు ఆగింది, మోకాలు పట్టుకుని. కూర్చున్నాక మొదట అడిగింది, “మూడు గంటల బస్సుకు పోవచ్చు గదమ్మా?” అని.

ఆమెకు రెండు ఆవులున్నాయి. పొద్దున ఐదుకు, సాయంత్రం నాలుగున్నరకు పిండాలి. “నేను గాక ఇంకొకరు చెయ్యేస్తే తంతాయి” అంది, కొంచెం గర్వంగానే. పాల బిల్లు ఆమె పేరు మీదే వస్తుంది. భర్త చేను చూసుకుంటాడు, ఆవుల జోలికి రాడు.

పాలు పిండేటప్పుడు పాప ఎవరి దగ్గర ఉంటుందని అడిగాను.

“ఉయ్యాల్లో ఏస్తా. గంటసేపు పండుకుంటాది.”

ఆ వయసు పిల్లలు ఏది దొరికితే దాన్ని పట్టుకుని లేచి నిలబడతారు. చీర ఉయ్యాల్లో నిద్రలేచిన బిడ్డ అంచు పట్టుకుని లేస్తే ఏమవుతుందో ఆమెకు నేను చెప్పాల్సిన పని లేదు, ముగ్గురిని పెంచిన మనిషి. కాసేపు చీర కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ ఉండిపోయింది. తర్వాత కొడుకు వైపు చూడకుండా నాతోనే అంది: “సాకలేనని గాదమ్మా. కొడుకు అడిగితే లేదనేదెట్ల?”

హరికి ఆ మాట కొత్త. పల్లెలో వదలడం గురించి నెల రోజులుగా ఇంట్లో గొడవ జరుగుతోంది, కానీ నీకు వీలవుతుందా అని తల్లిని ఒక్కరూ అడగలేదు. అవ్వంటే ఎప్పుడూ ఉండే మనిషి, ఖర్చులేని మనిషి అని లెక్క. ఆమె మోకాళ్లు, ఆమె పాల బిల్లు, పొద్దున ఐదింటికి లేచే ఆమె ఒళ్లు ఆ లెక్కలోకి రావు. ఆ విషయంలో నాకు కాస్త కోపం ఎక్కువే, ఒప్పుకుంటాను.

ఇక బిడ్డ వైపు నుంచి చూస్తే, పాప తల్లిపాలు తాగుతోంది. రెండేళ్ల వరకూ, ఆ పైనా తల్లిపాలు కొనసాగించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వారానికొకసారి కలిసే తల్లికి పాలు నిలవవు. పైగా ఎనిమిది, తొమ్మిది నెలలప్పుడే బిడ్డకు తల్లి కనబడకపోతే బెంగ మొదలవుతుంది. పది నెలల నుంచి ఏడాదిన్నర దాకా అది ముదిరి ఉంటుంది. మూడు నెలల బిడ్డనో, మూడేళ్ల బిడ్డనో కొన్నాళ్లు పల్లెకు పంపడం వేరు. ఈ వయసులో, ఇంతకాలం తల్లి పక్కన పడుకున్న బిడ్డను వారంలో ఆరు రోజులు దూరం చేయడం వేరు. హరి పల్లెలో పెరిగింది నిజమే. అప్పుడు వాళ్లమ్మ కూడా అదే ఇంట్లో ఉంది.

కాగితం మీద రోజు

‘ఎవరిని నమ్మాలి?’ అన్నదే వాళ్ల ప్రశ్న. నా దగ్గరికి వచ్చే ఇళ్లన్నిటిదీ అదే ప్రశ్న. నేను దాన్ని పక్కన పెట్టించి ఒక పెద్ద చార్టు మీద గళ్లు గీయిస్తాను. గంటకొక గడి. ఒక్కో షిఫ్టు వారానికి ఒక్కో వరుస. ప్రతి గడిలో పాప ఎవరి చేతిలో ఉంటుందో పేరు రాయాలి. ఆ మనిషి అప్పుడు వంట చేస్తున్నా, బస్సులో ఉన్నా, నిద్రపోతున్నా ఆ పేరు చెల్లదు.

పొద్దున డ్యూటీ వారం సులభంగానే నిండింది: 7.15 నుంచి 2.45 వరకు ఒక మనిషి కావాలి. మధ్యాహ్నం డ్యూటీకి 1.15 నుంచి హరి వచ్చే ఏడు దాకా. నైట్ వారానికి వచ్చేసరికి సుజాత ధీమాగా పగలంతా తన పేరే రాసేసింది. “పగలు ఇంట్లోనే ఉంటా కదా మేడమ్.”

“బిడ్డ పుట్టకముందు నైట్ చేసి వస్తే ఎంతసేపు పడుకునేదానివమ్మా?”

“ఆరు గంటలు. తలుపేసుకుని.”

ఆ ఆరు గడులూ చెరిపించాను. రాత్రంతా వార్డులో నిలబడి వచ్చిన మనిషి పక్కన పాకే బిడ్డను వదలడమంటే, ఆ ఇంట్లో ఆ కాసేపు బిడ్డను చూసేవాళ్లు లేనట్టే. మన ఇళ్లలో నీళ్లొచ్చే టైముకు బాత్రూంలో బకెట్లు నింపి పెట్టుకుంటాం. తలబరువు ఎక్కువగా ఉండే ఆ వయసు పిల్లలు బకెట్‌లోకి వంగితే తిరిగి లేవలేరు. జానెడు నీళ్లున్నా చాలు, పైగా చప్పుడు కూడా రాదు. సుజాత నర్సు. ఇంకేం చెప్పనవసరం లేకపోయింది.

నైట్ వారంలో ఇంకో రెండు ఖాళీలు బయటపడ్డాయి. పొద్దున హరి 6.15కు వెళ్తే సుజాత ఇల్లు చేరేది 8.45కు. సాయంత్రం హరి ఏడింటికి వస్తే ఆమె 7.15కు బయల్దేరాలి. బస్సు అరగంట లేటయితే సరి. ఇంత పెద్ద కంత గురించి నెల రోజుల గొడవలో ఒక్కసారి కూడా మాట రాలేదు, ఎందుకంటే గొడవంతా అవ్వా, ఆయమ్మా, డేకేరా అన్న దాని మీదే నడిచింది.

నైట్ డ్యూటీకి ఏ రకం ఏర్పాటూ అతకదని తేలాక సుజాత నర్సింగ్ ఇన్‌చార్జితో మాట్లాడడానికి ఒప్పుకుంది. వట్టి చేతులతో వెళ్లి బతిమాలవద్దని చెప్పాను. ఆదివారాలు పనిచేయడానికి ఎవరూ ముందుకు రారు. హరికి ఆదివారం సెలవు. కాబట్టి ఆదివారాలన్నీ నేను చేస్తాను, బ్రహ్మోత్సవాలప్పుడు, వైకుంఠ ఏకాదశికి సెలవు అడగను, బిడ్డకు ఏడాదిన్నర వచ్చేదాకా నైట్లు వద్దు అని అడగమన్నాను. రెండు రోజులు నానబెట్టి ఒప్పుకున్నారు. ఇందులో ఆసుపత్రి వాళ్ల దయ ఏమీ లేదు, వాళ్ల రోస్టరులో ఒక తలనొప్పి తగ్గింది.

డేకేర్‌లు చూసి రావడం

హరి ఫోన్‌లో ఏదో చదివి వచ్చాడు. “డేకేర్‌లో పెరిగిన పిల్లలు తల్లికి దూరమవుతారంట కదా మేడమ్?”

దీని మీద బాగా తెలిసిన అధ్యయనం అమెరికాలో జరిగింది. 1991లో మొదలుపెట్టి వెయ్యి మందికి పైగా పిల్లల్ని పుట్టినప్పటి నుంచి ఏళ్ల తరబడి గమనించారు. బయటివాళ్ల చేతిలో పెరిగినంత మాత్రాన తల్లీబిడ్డల బంధం చెడదని తేలింది. ఇంట్లో తల్లిదండ్రులు బిడ్డతో ఎలా ఉంటారన్న దాని ప్రభావమే ఎక్కువ. అయితే బిడ్డ ఏడుపు, అవసరం అంతగా పట్టించుకోని ఇంట్లో, దానికి తోడు చూసేవాళ్లు సరిగా లేకపోయినా, ఏర్పాట్లు ఒకటికి మించి ఉన్నా అప్పుడు బంధం బలహీనపడే అవకాశం పెరిగింది. అది వేరే దేశం, వేరే ఇళ్లు. మన ఇళ్లలో బిడ్డ నాలుగు ఒడులు మారడం మామూలే. ఆ నాలుగూ రోజూ కనిపించే ఒడులైతే బిడ్డకు ఇబ్బంది లేదు. మూణ్నెల్లకొకసారి పాత మనిషి మాయమై కొత్త మనిషి వస్తేనే కష్టం. హరికి నేను చెప్పింది అంతే.

దగ్గర్లోని డేకేర్‌లకు వెళ్లేటప్పుడు ముందుగా ఫోన్ చేయవద్దని, పన్నెండు గంటలప్పుడు, అన్నం తినిపించే వేళకు వెళ్లమని చెప్పాను. మొదటి చోట గోడల నిండా బొమ్మలు, ఏసీ, సీసీ కెమెరా. ఫోన్‌లో లైవ్ చూడొచ్చని హరి మురిసిపోయాడు. సుజాత కళ్లు మాత్రం వేరేచోట ఉన్నాయి. ఒక ఆయమ్మ నలుగురు పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి ఒకే ప్లేటు, ఒకే స్పూనుతో ముద్ద తర్వాత ముద్ద తిరగేస్తోంది. ఒకడికి ముక్కు కారుతోంది. ఎదురుగా గోడకు ఆనించిన ఫోన్‌లో రైమ్స్. పిల్లలు నోరు తెరిచి స్క్రీన్ చూస్తున్నారు, స్పూను వచ్చినప్పుడు మింగుతున్నారు. రెండేళ్ల లోపు పిల్లలకు స్క్రీన్ అసలే వద్దని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. కెమెరాలో ఇదంతా కనబడుతుంది, కానీ కెమెరా స్పూను కడగదు కదా.

రెండోది పాత ఇల్లు, రంగులు వెలిసిన గోడలు. హరి గుమ్మంలోనే పెదవి విరిచాడట. లోపల ఒకామె పిల్లవాడికి బట్టలు మారుస్తూ ‘ఇప్పుడు కాలెత్తాల, ఆ... ఇంకో కాలు’ అని వాడితో మాట్లాడుతూనే ఉంది. పిల్లలందరికీ విడివిడిగా తుడుపు గుడ్డలు, అంచున పేరు కుట్టి మేకులకు తగిలించి ఉన్నాయి. మారుస్తున్న చోటికీ, తినే చోటికీ మధ్య గది ఉంది. సుజాతకు అది నచ్చింది. నేనైనా అదే ఎంచుకునేదాన్ని. కానీ సాయంత్రం ఆరున్నరకు మూసేస్తారు, మధ్యాహ్నం డ్యూటీ వారం కుదరదు. పాపకేమో ఉయ్యాల ఊపితేనే నిద్ర, అక్కడందరూ చాపల మీద పడుకుంటారు. ఏడాదిన్నర దాటాక చూద్దామని ఆ పేరు రాసి పెట్టుకున్నాం.

ఆయమ్మ

సుజాత పక్క వీధిలోనే ఒకామె దొరికింది. నలభై ఆరేళ్లు, ఇద్దరు పిల్లల్ని పెంచి పెళ్లిళ్లు చేసింది. అప్పటికి రెండిళ్లలో పనిచేస్తోంది. ఎనిమిది వేలు అడిగింది, గిన్నెలు, బట్టలు కూడా తానే చేస్తానంది. సుజాత అత్తగారితో సహా అందరికీ అది మంచి బేరంలా కనబడింది.

ఆ గిన్నెలు, బట్టలు తీసేయమన్నాను. సింకు దగ్గర నిలబడ్డ మనిషి వీపు బిడ్డ వైపు ఉంటుంది. డబ్బు తగ్గించడానికి ఇంటి పనీ బిడ్డ పనీ కలిపితే, రోజు చివర కనబడేది తోమిన గిన్నెలే కాబట్టి ఆ మనిషి కూడా వాటికే మొగ్గు చూపుతుంది. పదివేలు, పని ఒక్కటే: బిడ్డ. షిఫ్టును బట్టి వేళలు మారినా జీతం మారదు, వారానికి రెండు రోజులు సెలవు. ముందుగా చెప్పి తీసుకునే జాతర సెలవుకు జీతం కోయకూడదు. ఆధార్ కాపీ తీసుకోవడం, పోలీస్ స్టేషన్‌లో వివరాలు ఇవ్వడం గురించి చెబితే హరి మొహమాటపడ్డాడు. ఆమే, “రాసుకోండయ్యా, నాకేం భయం” అంది.

చేరే ముందు రెండు వారాలు ఆమె రోజూ వచ్చి సుజాత ఇంట్లో ఉండగానే పాపతో కూర్చునేలా ఏర్పాటు చేశాం. మొదట్లో పాపను ఎత్తుకోను కూడా వద్దన్నాను. పక్కన కూర్చుని, పాప తనంతట తాను వచ్చేదాకా ఆగాలి. తర్వాత సుజాత మేడ మీదికి అరగంట, కొట్టుకు గంట అలా పెంచుకుంటూ వెళ్లింది. ‘బిడ్డ చూడకుండా జారుకో’ అని ఇంట్లో అందరూ చెప్పారు. అది వద్దు. చూడకుండా మాయమయ్యే తల్లి ఎప్పుడు మాయమవుతుందోనని బిడ్డ కళ్లెదుట ఉన్నప్పుడు కూడా కొంగు వదలదు. పోయొస్తానని చెప్పి, ఏడ్చినా సరే, చెప్పిన తర్వాతే వెళ్లాలి. మొదటి రోజుల్లో పాప గేటు దగ్గర ఏడ్చేది, సుజాత సందు చివర నిలబడి ఏడ్చేది.

పాల దగ్గర ఒక చిక్కు వచ్చింది. సుజాత పిండి ఫ్రిజ్‌లో పెట్టిన పాలను ఆయమ్మ మొదటి రోజు స్టవ్ మీద పొంగేదాకా కాచింది. “కాంచకుండా బిడ్డకు పాలెట్ల పోసేదమ్మా?” అని ఆమె ప్రశ్న. ఆవుపాలైతే ఆమె చెప్పిందే సరి. తల్లిపాలను అలా కాస్తే అందులోని రక్షణ గుణాలు పోతాయి. వేడినీళ్ల గిన్నెలో పాల గిన్నె పెట్టి గోరువెచ్చగా చేసి, ఉగ్గుగిన్నెతోనో చిన్న స్టీలు గ్లాసుతోనో పట్టించమన్నాను. పిండిన పాలు గది వాతావరణంలో నాలుగు గంటలు ఉంటాయని చదివి సుజాత లెక్క వేసుకుంది. ఆ లెక్క 25 డిగ్రీల గదికి. తిరుపతి ఎండాకాలానికి వర్తించదు, పిండగానే ఫ్రిజ్‌లోకే. అక్కడైతే నాలుగు రోజులు.

ఆయమ్మ దగ్గర బటన్ ఫోన్ ఉండడం మా అదృష్టం. టీవీ సీరియల్ మాత్రం వదలనంది. పాప నిద్రపోయినప్పుడు చూసుకోమన్నాను. అన్నీ మనమే గెలవాలనుకుంటే మంచి మనిషి నిలవదు.

తర్వాత

తొమ్మిదో నెల టీకా పడింది, బరువు వరసలోనే పెరిగింది, నిద్ర కుదురుకుంది. అసలు గండం పదకొండో నెలలో వచ్చింది, అదీ నేను అనుకోని వైపు నుంచి. సుజాత డ్యూటీ నుంచి వస్తే పాప ఒకసారి చూసి, తిరిగి ఆయమ్మ భుజం మీద తల పెట్టుకుంటోందట. రెండు మూడుసార్లు అలా జరిగాక ఆమె నా దగ్గరికి వచ్చి, “ఈమెను మార్చేస్తాను మేడమ్, వేరే ఎవరినైనా చూడండి” అంది.

మంచి ఆయమ్మల్ని ఇళ్లు పోగొట్టుకునేది చాలాసార్లు ఇక్కడే. దొంగతనం కాదు, నిర్లక్ష్యం కాదు, బిడ్డ ఆమెకు అలవాటు పడిందని పంపించేస్తారు. బిడ్డ అలవాటు పడాలనే కదా తెచ్చుకున్నది. పాప రాత్రి నిద్రలో లేస్తే ఎవరి కోసం వెతుకుతోంది, దెబ్బ తగిలినప్పుడు ఇద్దరూ ఎదురుగా ఉంటే ఎవరి దగ్గరికి పోతోంది, వారం పాటు గమనించి రమ్మన్నాను. రెండూ అమ్మే. ఇంకో చిన్న మార్పు చేశాం: సుజాత రాగానే ఆయమ్మ వెంటనే చెప్పులేసుకోకుండా పావుగంట ముగ్గురూ కలిసి కూర్చోవాలి. పాప ఒక ఒడి నుంచి ఇంకో ఒడికి తన వేగంతో రావాలి. మార్చేసే మాట పోయింది.

మే నెలలో గంగమ్మ జాతర. ఆయమ్మ నెల ముందే చెప్పి వారం సెలవు పెట్టింది. అలాంటి రోజుల కోసమే మొదటి నుంచీ కింది వాటా ఓనరమ్మ దగ్గర పాపను వారానికి రెండు సాయంత్రాలు గంటసేపు వదిలే అలవాటు చేశాం. అవసరం లేని రోజుల్లో కూడా. అవసరం వచ్చిన రోజున కొత్త ముఖం చూపిస్తే బిడ్డ ఒప్పుకోదు. మొదటి రెండు రోజులు ఓనరమ్మ దగ్గర సాఫీగా గడిచాయి. మూడో రోజు పాపకు జ్వరం. ఓనరమ్మ భయపడింది, అది సహజం. సుజాత ఒక రోజు, హరి ఒక రోజు సెలవు పెట్టారు. మధ్యలో ఒక రోజు అవ్వ పొద్దున పాలు పోసి వచ్చి సాయంత్రం పాలకు వెళ్లిపోయింది.

జ్వరం వచ్చిన బిడ్డను డేకేరూ తీసుకోదు, పక్కింటివాళ్లూ తీసుకోరు. ఏ ఏర్పాటు ఎంచుకున్నా ఆ రోజుకు తల్లో తండ్రో సెలవు పెట్టాల్సిందే, ఎవరూ చెప్పకపోతే అది తల్లి మీదే పడుతుంది. జ్వరం వస్తే మొదటి రోజు హరి సెలవు, రెండో రోజు సుజాత అని రాసి ఫ్రిజ్ మీద అతికించమన్నాను. హరి కాస్త గునిశాడు, కానీ అతికించాడు.

ఇరవై నెలలప్పుడు పాపను పాత ఇంట్లోని ఆ డేకేర్‌లో రోజుకు మూడు గంటలు వేశారు. తీసుకెళ్లేది, తెచ్చేది అదే ఆయమ్మ. చాప మీద పడుకోవడం పాపకు ఇంకా రాలేదు, అందుకే నిద్రవేళకు ఇంటికి తెచ్చేస్తున్నారు.

ఏడాదిన్నర గడువు అయిపోగానే ఆసుపత్రి నైట్లు మళ్లీ మొదలుపెట్టింది. నెలకు ఒక వారం. ఆ వారం ఆయమ్మ పొద్దున ఆరింటికే వచ్చి ఒంటిగంట దాకా ఉంటుంది, దానికి నెలకు రెండు వేలు కలిపారు. సుజాత తొమ్మిదింటి నుంచి గది తలుపేసుకుని పడుకుంటుంది. మధ్యాహ్నం పాపతో పాటు ఇంకో కునుకు. సాయంత్రం బస్సు లేటయిన రోజు ఓనరమ్మ. ఆ అరగంట ఇప్పటికీ గట్టిగా లేదు. ఓనరమ్మ కూతురి కాన్పుకు బెంగళూరు వెళ్తే ఎవరన్నది వాళ్లింకా వెతుక్కుంటున్నారు.

ఖర్చు పెరిగేసరికి హరి పాత పాట అందుకున్నాడు. ఆవుల్ని అమ్మేసి అమ్మను తిరుపతికి తెచ్చుకుంటే ఆయమ్మ జీతం మిగులుతుంది కదా అని. అతనితోనే లెక్క కట్టించాను. దాణా, గడ్డి ఖర్చు పోగా పాల బిల్లులో అవ్వకు మిగిలేది ఆయమ్మ జీతంలో సగానికి పైనే ఉంది. ఆవులు పోతే అది పోతుంది, ఆమె మందుల ఖర్చు కొడుకు చేతి మీదికి వస్తుంది. మొదటి అంతస్తు మెట్లు, పది కిలోలు దాటిన పాప, ఆ మోకాళ్లు వీటికి పైన. పండక్కి నాలుగు రోజులు వచ్చి పాపను ఆడించి వెళ్లే అవ్వగా ఉండనివ్వమన్నాను. హరి తల్లికి ఫోన్ చేసి అడిగితే ఆమె రెండు మాటల్లో తేల్చేసిందట: పెద్దావు చూడిది, ఈ సంక్రాంతికి తాను రాలేదు, బిడ్డను తీసుకుని మీరే రండి అని.